హుస్నాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్

సాంచాల కూలి తగాదాను అంతర్జాతీయ ప్రమాణాలతో పరిష్కరిస్తానని మా మాజీ కౌన్సిలర్ లింగమూర్తి గారు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. కూలి పెంచమని కార్మికులు సమ్మెకు దిగడంతో వాటి చప్పుడు ఆగి చాలా రోజులైంది. "గీ తగాదా నాకొక లెక్కనా? అమెరికా ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసినోన్ని," అన్నారు లింగమూర్తి అన్న. పక్క పేపరాయన నవ్వాడు. పెద్దవాళ్ల మాటకు నవ్వే అలవాటు నాకు లేదు. పైగా అన్న చెప్పింది నిజం. మండల విలేకరిగా నేను కళ్లారా చూశాను.

పదవి పోయాక అన్నకు పొద్దు పోవడం కష్టమైంది. కూతురు నవ్యశ్రీ తన ల్యాప్‌టాప్‌లో బేస్‌బాల్ గేమ్ ఒకటి వేసి ఇచ్చింది. అందులో మనం బ్యాటు పట్టేదేమీ లేదు. జట్టుకు మేనేజరుగా ఉండి ఆటగాళ్లతో జీతాలు మాట్లాడుకోవాలి, కాంట్రాక్టులు కుదుర్చుకోవాలి. ఆట ఒక్క ముక్క తెలియకుండా జట్టును నడపాలంటే రాజకీయ అనుభవం కావాలి. అది అన్న దగ్గర పుష్కలంగా ఉంది.

మొదటి బేరం నా ముందే జరిగింది. బంతి విసిరే ఆటగాడొకడు జీతం ఇంత కావాలన్నాడు. అన్న అంగట్లో ఎడ్లను బేరం చేసినట్టే అందులో పావు వంతుతో మొదలుపెట్టారు. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"ఏమంటుండు బిడ్డా?"

"అవమానం చేసినవని అలిగిండట బాపూ."

"గింతదానికేనా? చాయ్ తాపిస్తే సర్దుకుంటడు. చాయ్ బటన్ ఏడుంది?"

చాయ్ బటన్ లేదు. భుజం మీద చెయ్యేసే బటన్ కూడా లేదు. అంత పెద్ద దేశం వాళ్ల ఆటలో ఇంత లోటు ఉండడం నాక్కూడా బాధనిపించింది.

బేరం కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు పోతుంది. ఆటగాడు ఒక అంకె రాస్తాడు, జట్టు ఒక అంకె రాస్తుంది. జడ్జి ఆ రెండింట్లో ఒకటి ఏరుతాడు. మధ్యలో తెంపడం ఉండదు. నవ్యశ్రీ ఎంత చెప్పినా అన్న పావు వంతే రాసి, "నీది గాదు నాది గాదు అని నడిమిట్ల తెంపుతడు తియ్" అంటూ వెనక్కి వాలేవారు. జడ్జి ప్రతిసారీ ఆటగాడి అంకే ఏరాడు. సీజన్ సగం కాకముందే జట్టు ఖజానా ఖాళీ అయింది, ఓనర్ అన్నను పీకేశాడు. "జడ్జి ప్రతిపక్షపోడు," అన్నారు అన్న. అయినా ఆ పద్ధతి మీద ఆయనకు గౌరవం పెరిగింది. ఈసారి జడ్జి కుర్చీలో తానే కూర్చోవాలని నిర్ణయించుకున్నారు.

ఫంక్షన్ హాల్లో విచారణ పెట్టారు. సాంచాల ఓనర్ల తరఫున ఓంప్రకాశ్ సేఠ్, కార్మికుల తరఫున నూలు కండెలు చుట్టే గంగుబాయి వచ్చారు. తీర్పు ఏదైనా కట్టుబడతామని ఇద్దరూ ముందే సంతకం చేశారు. ఒక్కటే అంకె ఏరుతానని అన్న వివరంగా చెప్పారు. ఇద్దరూ తలూపారు. ఇద్దరూ నమ్మలేదు. మా ఊళ్లో పుట్టినవాళ్లెవరూ అలాంటిది నమ్మరు.

చీటీలు విప్పారు. ఇప్పుడిచ్చే కూలిలో సగం చాలని సేఠ్ రాశాడు. రెట్టింపు కావాలని గంగుబాయి రాసింది.

అన్న ముఖం తుడుచుకున్నారు. ఎన్నికలొస్తే జీపులు, బిర్యానీ సేఠ్‌వి. మూడు వార్డుల ఓట్లు కార్మికులవి. ఇన్నేళ్ల రాజకీయంలో ఇద్దరిలో ఒకరిని ఏరుకునే పని ఆయన ఎన్నడూ చేయలేదు.

"నడిమిట్ల తెంపరాదే అన్నా," అన్నాడు సేఠ్.

"నడిమిట్లయితే మాకూ సమ్మతే," అంది గంగుబాయి. "పిల్లలు పరేషాన్ అయితుండ్రు. రేపే సాంచాలు నడుపుతం."

"మీరు ఒప్పుకుంటే అయితదా? అంతర్జాతీయ రూల్ ఒప్పుకోదు," అని అన్న లోపలికి వెళ్లారు. ఉప్మా తిని బయటికి వచ్చి తీర్పు చెప్పారు.

"ఇద్దరి అంకెలు మంజూరు చేస్తున్న. సేఠ్ తను రాసినంత ఇస్తడు. కార్మికులు వాళ్లు రాసినంత తీసుకుంటరు."

హాలంతా చప్పట్లు. ఒక తీర్పుతో రెండు పక్షాలూ గెలవడం నేను అంతకుముందు చూడలేదు. గంగుబాయి మాత్రం లేచి నిలబడింది.

"ఇచ్చేది గంతే అయితే, తీసుకునేది గింత ఎట్లయితది అన్నా?"

"మంచి మాట అడిగినవ్ అక్కా. దానికే కమిటీ వేస్తున్న. నువ్వే మెంబర్‌వి," అని అన్న ఆమెకు శాలువా కప్పారు. ఫొటో నేనే తీశాను.

మర్నాడు నా వార్త మొదటి పేజీలో వచ్చింది. 'కార్మికులకు అడిగినంత కూలి' అని శీర్షిక. సాంచాలు మళ్లీ నడిచాయి. శనివారం కూలి పంచేటప్పుడు సేఠ్ తన వంతు తీర్పును అక్షరాలా పాటించి సగమే ఇచ్చాడు. మిగతాది కమిటీ పరిధిలో ఉందన్నాడు. సంతకాలు చూపించాడు. కార్మికులు ఆ సగమే లెక్కపెట్టుకుని వెళ్లారు.

తరువాత ఒకరోజు బస్టాండు దగ్గర గంగుబాయి నన్ను ఆపింది.

"తమ్మీ, గా పేపర్ల వార్త నువ్వే రాసినవా?"

నేనే అన్నాను.

"మా ఇంటి ఓనర్ సదివిండు. కిరాయి పెంచిండు."

"కూలి పెరగలేదని చెప్పకపోయినవా అక్కా?"

"చెప్పిన. పేపరోళ్లు అబద్ధం రాస్తరా అన్నడు."

ఆమె నా జవాబు కోసం నిలబడింది. రాయరనే చెప్పాను.