ప్యూబ్లా సందులో అద్దె ఇల్లు

ఆ శనివారం అమరేశ్వరరావు పెట్టుకున్న పనులు రెండే. పదిన్నరకి, చలికాలమంతా తమ ఇల్లు కనిపెట్టుకుని ఉండే స్టూడెంట్‌ను ఒకర్ని ఎంచుకోవడం. పన్నెండింటికి, మెక్సికోలోని ప్యూబ్లా నుంచి కార్మెన్ అనే ఇంటావిడతో వీడియోలో మాట్లాడి, ఆవిడ ఇల్లు ఆరు నెలలకు ఖాయం చేసుకోవడం. కెనడాలోని రెజైనాలో ముప్ఫై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైన తనకు ఈ రెండూ ఒక లెక్కా అనుకున్నాడు. ఆయన అంచనాలు ఆఫీసులో ఎలా ఉండేవో గాని, ఇంట్లో మాత్రం ఎప్పుడూ తప్పేవి.

రెండో పని మీద ఆయన భార్య ఈశ్వరమ్మ ప్రాణం పెట్టుకుని కూర్చుంది. పెళ్ళైన కొత్తలో, కెనడా రాకముందు, ఆయన ఉద్యోగం పుణ్యమా అని వాళ్ళు మూడేళ్ళు ప్యూబ్లాలో కాపురం చేశారు. ఇప్పుడు అద్దెకు వచ్చిన ఇల్లు అదే సందులో ఉంది. ఆ రోజుల్లో అక్కడ అద్దెలు తక్కువ, పిల్లలు ఎక్కువ. సాయంత్రమయ్యేసరికి గుమ్మాల ముందు కుర్చీలు పడేవి. చిలగడదుంపల బండివాడి ఈల వినపడేది. ఎవరి పిల్లలు ఎవరింట్లో తింటున్నారో ఎవరికీ పట్టేది కాదు. కూతురు పద్మిని మొదటి అడుగు వేసింది ఆ సందులోనే, అదీ ఎదురింటావిడ చెయ్యి పట్టుకుని. ఈశ్వరమ్మకు ఆ సందు గుర్తుకొస్తే చాలు, పొయ్యి మీద పాలు కూడా పొంగిపోయేవి.

"ఇక్కడ పక్కింటివాళ్ళ మొహం చూడాలంటే మంచు పడాలండీ. పార పట్టుకుంటేనే గాని బయటికి రారు" అనేది ఆవిడ.

కార్మెన్ మెసేజ్‌లో రెండు ముక్కలు రాసింది. ఇంకొకరు కూడా ఇల్లు అడుగుతున్నారు. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారో చూసుకుని ఇవాళే తేల్చేస్తాను. రెజైనాలో అద్దె ప్రకటనలు చదివీ చదివీ ముదిరిన బుర్ర కాబట్టి, ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిదని అమరేశ్వరరావు అర్థం చేసుకున్నాడు.

ఇక మొదటి పని. "ఆరు నెలలు ఇల్లు చూసుకోవడానికి ఒక స్టూడెంట్ కావాలి. రెంట్ లేదు" అని ముందురోజు సాయంత్రం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది 2023. ఊళ్ళో గది దొరికితే ఉద్యోగం దొరికినంత సంబరపడుతున్న రోజులు. ఆయన నిద్ర లేచేసరికి ఆ మెసేజ్ కాల్గరీ దాకా వెళ్ళి వచ్చింది.

పదిన్నరకు కావ్యశ్రీ వచ్చింది. "నాది గది కాదు అంకుల్, క్లోజెట్. తలుపు వేస్తే కాళ్ళు బయటుంటాయి" అంది. వెనకే సాయి తేజ, కిట్టు. పదకొండున్నరకు గుమ్మంలో తొమ్మిది జతల బూట్లు పోగయ్యాయి. తిన్నవాళ్ళను కాదని పంపడం ఆయన వల్ల కాలేదు. తినకుండా పంపడం ఆవిడ వల్ల కాలేదు. ఉప్మా అయిపోయి, సాంబారుకు కుక్కర్ ఎక్కింది.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా అమరేశ్వరరావుకు చెమటలు పట్టాయి.

"ఇంతమందిని చూస్తే ఆవిడ ఇల్లిస్తుందా? అందరూ బేస్‌మెంట్‌లోకి వెళ్ళండమ్మా. పది నిమిషాలు చప్పుడు చెయ్యొద్దు!"

తొమ్మిదిమందీ బుద్ధిగా దిగారు. కార్మెన్ తెర మీదికి వచ్చింది. ఈశ్వరమ్మ తుప్పు పట్టిన స్పానిష్‌ను కూడదీసుకుని, "మేం ఇద్దరమే. చాలా నెమ్మదస్తులం" అంది. సరిగ్గా అప్పుడే కుక్కర్ నాలుగో కూత వేసింది. కావ్యశ్రీ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, పప్పు మాడిపోతుంది!" అంటూ స్టవ్ ఆపేసింది.

"ఆ పిల్లెవరు?" అంది కార్మెన్.

గది కోసం వచ్చిన పిల్ల అనడానికి లేదు. ఈశ్వరమ్మకు ఎవరి పిల్లనైనా తన పిల్ల అనే నోటి అలవాటు ఒకటుంది. "మా అమ్మాయి" అనేసింది.

బాత్రూమ్ వెతుక్కుంటూ కిట్టు వచ్చాడు. "మా అబ్బాయి" అన్నాడు అమరేశ్వరరావు, ఇక తప్పక.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. గోపీకృష్ణ అనే కుర్రాడు ఇంకో ముగ్గురితో లోపలికొచ్చి, "అంకుల్, రెంట్ లేదంట కదా, నిజమేనా?" అని గట్టిగా అడిగాడు. ఆ మాట బేస్‌మెంట్‌లో వినపడింది. తమ గది కాస్తా వాళ్ళకు పోతుందని భయపడి మిగిలిన ఏడుగురూ ఒక్క ఊపున పైకొచ్చారు.

"పొద్దుగాల నుంచి మేమున్నం అంకుల్!" అన్నాడు సాయి తేజ.

కార్మెన్ వేలు పెట్టి లెక్కపెట్టింది. పదమూడు. "అందరూ మీ పిల్లలేనా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అందరూ మా పిల్లలే" అంది ఈశ్వరమ్మ.

కార్మెన్ కళ్ళు తుడుచుకుంది. "ఇల్లు మీకే. మా సందులో పిల్లల గొంతు విని నాలుగేళ్ళయింది. చవగ్గా ఉందని అమెరికా, కెనడాల నుంచి ముసలి జంటలు ఒక్కొక్కటే వచ్చాయి. మంచివాళ్ళే, కానీ అద్దెలు పెరిగిపోయాయి. పిల్లలున్నవాళ్ళు ఊరి చివరికి పోయారు. స్కూలు మూసేస్తారంటున్నారు. ఇల్లు అడిగిన రెండోవాళ్ళు కూడా నెమ్మదస్తులే, ఇద్దరే. అందుకే వద్దన్నాను. మీరంతా ఎప్పుడొస్తున్నారు?"

అమరేశ్వరరావు తేదీ చెప్పడానికి నోరు తెరిచాడు. ఈశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ముప్ఫై ఏళ్ళుగా కోరుకున్న సందులో ఇల్లు చేతికందింది. కానీ ఆ సందులోవాళ్ళతో అబద్ధమాడి ఆ గుమ్మం ఎలా ఎక్కుతుంది?

"వీళ్ళు మా పిల్లలు కారమ్మా. గది కోసం వచ్చారు. వచ్చేది మేమిద్దరమే" అంది.

కార్మెన్ ఆ పిల్లలందర్నీ ఇంకోసారి చూసింది. తర్వాత మర్యాదగానే క్షమించమని అడిగి, పిల్లలున్నవాళ్ళ కోసం ఇంకా చూస్తానని చెప్పి సెలవు తీసుకుంది.

ఈశ్వరమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో మొహం కప్పుకుంది. "మనలాంటివాళ్ళ వల్లే పోయిందటండీ ఆ సందు" అని ఏడ్చింది.  ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

పిల్లలకు స్పానిష్ అర్థం కాలేదు గాని సంగతి అర్థమైంది. బూట్ల వైపు నడవబోయారు. కావ్యశ్రీ ఒక్కతే వంటింటి గుమ్మంలో ఆగి, "ఆంటీ, సాంబార్‌లో ఉప్పు వేశారా?" అని మెల్లగా అడిగింది.

ఈశ్వరమ్మ ముక్కు తుడుచుకుని అందర్నీ ఒకసారి చూసింది. "ఎక్కడికర్రా? కంచాలు దించండి" అంది. కుర్చీలు చాలక సగం మంది మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఒకడి అప్పడం ఇంకొకడు లాక్కున్నాడు. ఆవిడ కొసరి కొసరి వడ్డించి, చివర్లో భర్త దగ్గరికొచ్చి, "పద్మిని గది ఖాళీగానే ఉంది. బేస్‌మెంట్‌లో ఇంకో ముగ్గురు పడతారు" అంది.

"మనం ఎక్కడికీ వెళ్ళటం లేదుగా? ఇల్లు చూసుకోవడానికి వాళ్ళెందుకు?"

"ఇల్లు చూసుకోవడానికి కాదండీ, ఉండటానికి."

ఆయన కాదనలేకపోయాడు, అప్పటికే ఆయనా తిన్నాడు మరి. నలుగురు ఆ వారంలోనే సామాన్లతో దిగారు. మిగిలినవాళ్ళు శనివారం భోజనాలకు ఖాయమయ్యారు.

ఆ చలికాలమంతా స్నానానికి అమరేశ్వరరావు వంతు అయిదోది.