అధికారం ఉన్న ముక్కు

మానవ శరీరంలో ప్రభుత్వం ఇంతకాలం పట్టించుకోకుండా వదిలేసిన అవయవం ముక్కు ఒక్కటే. ఆ లోటు ఈ వేసవిలో ఇబ్రహీంపట్నంలో తీరింది. శ్వాస అభ్యంతరాల శాఖ వారు సైకిల్ రిపేరు దుకాణం మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, దుమ్ము లేపే ప్రతి వ్యాపారానికీ నాసికా నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేశారు. పెద్ద కష్టమేమీ కాదు. శాఖ గుర్తించిన ముక్కు ఒకటి వచ్చి, దుకాణంలో అరగంట కూర్చుని, తుమ్మకుండా లేచి వెళ్తే చాలు.

సిద్దయ్యది కారం గిర్ని, మిరపకాయలు పొడి పట్టే మర. ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. ఆ వ్యాపారంలో తుమ్ము అంటే మెచ్చుకోలు. మిరపకాయలు తెచ్చిన ఆడవాళ్లు తమ కాయలు మారిపోకుండా గిర్ని ముందే కాపలా కూర్చుంటారు. నాలుగు తుమ్ములు వస్తే మంచి ఘాటున్నదని సంబరపడిపోతారు, రాకపోతే కాయలు అమ్మినవాడిని తిట్టుకుంటారు. అలాంటి చోట తుమ్మకుండా కూర్చోవడమంటే చెరువులో దిగి తడవకుండా రావడమే.

సిద్దయ్య లెక్కల మనిషి. పది కిలోల కాయలు పడితే తొమ్మిదీ ముప్పావు కిలోల పొడి వస్తుంది. మిగతా పావుకిలో ఏదని అడిగినవాళ్లకు, తరుగు, గాలికి పోయిందని చెబుతాడు. గాలికి పోయినదాన్ని ఎవరూ వెనక్కి అడగరని వ్యాపారం ఆయనకు నేర్పింది. ఆ గాలిలోనే, కాటా పక్కన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆయన భార్య కాశమ్మ కూర్చుంటుంది. పొద్దంతా తుమ్ముతుంది, సందెవేళకు ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. (అవి లెక్కలోకి రావు. దరఖాస్తుదారు కుటుంబ సభ్యుల ముక్కులు పక్షపాతంతో పనిచేస్తాయి కనుక, వారి తుమ్ములు, దగ్గులు జరగనట్టే భావించాలని శాఖ ఆరో నిబంధన.)

ఏప్రిల్ ఆఖరుకల్లా పత్రం రాకపోతే గిర్నికి తాళం పడుతుంది. ఆ తర్వాత వచ్చేది మామిడికాయ తొక్కుల కాలం, ఊరంతా పచ్చళ్లు పెట్టుకునే నలభై రోజులు. ఏడాదిలో పట్టే కారంలో సగం ఆ నలభై రోజుల్లోనే పడుతుంది. అవి పోతే ఏడాది పోయినట్టే.

దరఖాస్తు పోర్టల్‌లోనే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు సైజు ముక్కు ఫొటో, వెనక తెల్లగా ఉండాలి, రెండు రంధ్రాలూ సమానంగా కనిపించాలి. సిద్దయ్యవి సమానంగా లేవని రెండుసార్లు తిప్పికొట్టారు. మూడోసారి, శేరిగూడలో కాలేజీ పిల్లలకు ఉద్యోగాల ఫొటోలు తీసే స్టూడియో అతను కంప్యూటర్‌లో సరిచేసి ఇచ్చాడు. (ప్రభుత్వ రికార్డుల్లో ఇప్పుడున్న ముక్కును సిద్దయ్య కూడా గుర్తుపట్టలేడు.)

మండలం మొత్తానికి గుర్తింపు పొందిన ముక్కు ఒకటే ఉంది. అది రత్నాకర్ సార్‌ది. పదహారేళ్లు రికార్డు గదిలో పనిచేసి, పదోన్నతి మీద ముక్కుగా వచ్చారు. ఆయన వచ్చేనాటికి సిద్దయ్య మూడు రోజులుగా గిర్ని ఆపి, నేల కడిగించి, వాకిట్లో నీళ్లు చల్లించి ఉంచాడు. సార్ కుర్చీలో కూర్చుని, చంకలోని పాత ఫైలు తీసి, బూజు దులిపి తెరిచారు. ఏడు తుమ్ములు తుమ్మారు.

"సార్, గిర్ని మూడు దినాల సంది బందే ఉన్నది. కావాల్నంటే మీటరు చూడుండ్రి" అన్నాడు సిద్దయ్య.

రత్నాకర్ మీటరు చూశారు. నిజమేనని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నివేదికలో ఇలా రాశారు: 'గిర్ని ఆగి ఉండగానే ఏడు తుమ్ములు. నడిస్తే ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.'

ఆ తుమ్ములు ఫైలువని సిద్దయ్య మొత్తుకున్నాడు. ఫైలు ప్రభుత్వ ఆస్తి అని, ప్రభుత్వ ఆస్తి వల్ల తుమ్ము వచ్చే వీల్లేదని సర్క్యులర్ ఉందని, అది కూడా ఆ ఫైలులోనే ఉందని సార్ శాంతంగా చెప్పి, వెతకబోయి ఇంకో రెండు తుమ్మారు. మూడు వారాల తర్వాత మళ్లీ వస్తామని, అదే ఆఖరి అవకాశమని చెప్పి వెళ్లారు.

ఆ వారమే కాశమ్మకు దమ్ము ఎక్కువై ఊపిరాడలేదు. దవాఖానకు తీసుకుపోక తప్పలేదు. డాక్టర్ కరుణ రోజూ బడంగ్‌పేట్ నుంచి వచ్చిపోయే మనిషి, ఓపిగ్గా చెబుతుంది. ఆమె కాశమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి వింటుంటే, సిద్దయ్య రత్నాకర్ సార్ ముక్కు గురించి అడిగాడు.

"మిరప ఘాటు వేరే ముచ్చట, బాపు. బూజుతోని వచ్చేది అలర్జీ" అంది కరుణ. "ముక్కుల కెల్లి ఊపిరితిత్తుల దాక లోపటి పొరల కొన్ని కణాలుంటయి. శానా తక్కువ. నాలుక తీరుగ గాలిని రుచి చూస్తయి. పడనిది తగిలిందంటే లోపటికి కబురు పంపుతయి. కబురు అందంగనె దండు దిగుతది. వాపు, తుమ్ములు, దమ్ము, అన్నీ ఆ దండు చేసేవే."

"అంటే దుమ్ము చేసేదానికన్న రిపోర్టు చేసేదే ఎక్కువన్నట్టు."

"అట్లనే అనుకో. ఇంకోటి, దండు దిగినకొద్ది ఆ కబురు చెప్పే కణాలు ఇంకిన్ని పుడుతయి."

సిద్దయ్యకు ఇది వెంటనే అర్థమైంది. ఒక నివేదిక వెళ్తే, నివేదికలు రాసే పోస్టులు పెరుగుతాయి. (ఇందులో చాలామటుకు ఎలుకల మీద తేలిన సంగతులని డాక్టరమ్మ చెప్పింది. రికార్డు గదికైతే మరింత బాగా వర్తిస్తుందని సిద్దయ్య అనుకున్నాడు.)

లోపలి గొడవను చల్లబరచడానికి ముక్కులో కొట్టుకునే స్ప్రే ఒకటి, దమ్ముకు గోలీలు రాసింది కరుణ. కాశమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టి సిద్దయ్య మందుల షాపుకు పోయి తెస్తే, స్ప్రే డబ్బా మీద కాశమ్మ పేరు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అని తెలుగులో రాసిచ్చింది. రోజూ కొట్టుకుంటే రెండు వారాల్లో గుణం కనిపిస్తుందని, ఘాటుకు కూడా ముక్కు అంతగా రేగదని, కాశమ్మను గిర్నికి దూరంగా ఉంచమని చెప్పింది. సిద్దయ్య మొదటి సగం శ్రద్ధగా విన్నాడు.

దవాఖాన మెట్ల మీద నిలబడి ఆయన మనసులోనే కాటా పెట్టాడు. ఒక పళ్లెంలో కాశమ్మ ముక్కు, ఒక పళ్లెంలో రత్నాకర్ సార్ ముక్కు. కాశమ్మకు గోలీలున్నాయి, కొంగు కూడా ఉంది. సార్‌కు కొంగు లేదు. స్ప్రే సీసా అక్కరలేదట, గోలీలు చాలంటున్నారని ఇంట్లో చెప్పి, సాయంత్రానికల్లా దాన్ని సైకిల్ దుకాణం మీది శాఖ మెట్లెక్కించి సార్ చేతిలో పెట్టాడు.

రత్నాకర్ నియమం తప్పని మనిషి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కొట్టుకున్నారు. రెండో తనిఖీ రోజున గిర్ని పూర్తి వేగంతో తిరుగుతోంది, శేరిగూడ హాస్టల్ వాళ్ల ఇరవై కిలోలు పడుతున్నాయి, బయట పైపుల కోసం తవ్విన రోడ్డు దుమ్ము కూడా లోపలికి వస్తోంది, ఒళ్లో ఫైలు తెరిచే ఉంది. ఆడవాళ్లందరూ తుమ్మారు. సార్ తుమ్మలేదు. 'ఈ ప్రాంతపు గాలి స్వచ్ఛంగా ఉంది, ఎవరికీ అభ్యంతరం లేదు' అని పత్రం వచ్చింది. గాలిని బాగుచేయడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదని గ్రహించి, శాఖ వారు జిల్లాలోని అధీకృత ముక్కులన్నింటికీ స్ప్రేలు మంజూరు చేశారు. నెల తిరక్కుండా జిల్లా గాలి మొత్తం శుభ్రపడింది.

పత్రం అద్దం కట్టి గోడకెక్కింది. తొక్కుల కాలం జోరుగా సాగింది. కాశమ్మ కాటా పక్కన నుంచి లేవడానికి కూడా తీరిక లేకపోయింది.

ఒకరోజు రత్నాకర్ సార్ తమ ఇంటి తొక్కుకు రెండు కిలోల కాయలు పట్టించడానికి వచ్చి, జేబులోంచి ఖాళీ సీసాను డబ్బాతో సహా తీసి కాశమ్మ చేతిలో పెట్టారు. (కానుకలు స్వీకరించరాదు. తిరిగి ఇచ్చేస్తే అది కానుక కాదు.) కాశమ్మకు చదవడం వచ్చిన మాటలు తక్కువ. వాటిలో తన పేరు ఒకటి.

ఆమె డబ్బాను తిప్పి చూసింది. గిర్ని ఆపమంది. లేచి వెళ్లి మూటలు తూచే పెద్ద కాటా మీద నిలబడింది.

"తరుగు ఏడికి పోయిందని అందరు అడుగుతరు గద. నన్ను తూకమెయ్యి, దొరుకుతది."

సిద్దయ్య కాటా వైపు చూడలేదు. మాట పూర్తవుతూనే ఆమెకు వచ్చిన దగ్గు పత్రం కింద చాలాసేపు సాగింది. ఆరో నిబంధన ప్రకారం అక్కడ ఎవరూ దగ్గలేదు.