ఏంజెల్ చేపలకు మంచినీళ్ళ స్నానం

ఆ ఉదయం జోయల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గౌహర్ సాబ్‌ను బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి, వెనక గదిలోని రెండు ఏంజెల్ చేపలు మేత తినడం చూపించాలి, అంతే. అవి తింటే గౌహర్ సాబ్ కట్టిస్తున్న ఫంక్షన్ హాలులో గోడ పొడవునా సముద్రపు అక్వేరియం పెట్టే పని జోయల్‌ది. తినకపోతే హైదరాబాద్ వాళ్ళది. సముద్రం మొహం చూడని కరీంనగర్‌లో సముద్రపు చేపల దుకాణం తెరిచాడని ఊరంతా నవ్వింది. ఆ నవ్వులకు జవాబు చెప్పే అవకాశం ఇదొక్కటే.

చిక్కల్లా, ఆ చేపలు వారం నుంచి తినడం లేదు. కొత్తగా వచ్చిన చేపల్ని వేరే తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేలాకే పెద్ద తొట్టిలోకి వదలాలి. దాన్నే జోయల్ క్వారంటైన్ అంటాడు. అందులో అవి కళ్ళు మసకబారి, ఒళ్ళు అద్దానికేసి రుద్దుకుంటున్నాయి. ఇదేదో బూజు జబ్బనుకుని జోయల్ మందు పోస్తూనే ఉన్నాడు.

"అత్తమ్మా, గా తొట్టి జోలికి పోకు. చేపలు క్వారంటైన్ల ఉన్నయి" అని, చొప్పదండి నుంచి వచ్చిన అత్తగారు రిబ్కమ్మకు చెప్పి బయలుదేరాడు.

కరోనా రోజుల్లో ఊరి బడిలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళకు పొద్దూమాపూ వేడినీళ్ళు, చారు మోసిన మనిషి రిబ్కమ్మ. ఆ మాట చెవిన పడ్డాక ఊరుకుంటుందా? నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"అయ్యో యేసయ్యా! పానం ఉండంగనే ఉప్పుల ఊరవెట్టిండు!"

మానేరు నది చేపలు తప్ప మరో చేపను ఎరగదామె. ఉప్పు పట్టించడం కూరకు ముందే కదా. అల్లుణ్ణి అంటే బిడ్డకు కోపం, అందుకని ముందు దేవుడికే చెప్పుకుందామనుకుంది. చర్చి వాట్సాప్ గ్రూపులో మాటలు రికార్డు చేసి పంపింది. చేపలంటే ఎవరూ ప్రార్థన చెయ్యరని ఆ ఒక్క ముక్క మింగేసింది.

"మా అల్లుడు జోయల్ ఇంట్ల రెండు పానాలు క్వారంటైన్ల ఉన్నయి. ఏం తింటలెవ్వు. ఒళ్ళు గోడకు రాక్కుంటున్నయి. జర ప్రార్థన చెయ్యుండ్రి."

ఆ సంఘం ఇలాంటి కబురు విని చేతులు కట్టుకుని కూర్చునేది కాదు. పాస్టరు దేవసహాయం మాస్కు పెట్టుకుని మరీ వచ్చారు. వెనకే కషాయం ఫ్లాస్కులతో సగం సంఘం దిగింది.

జోయల్ బండి ఆపేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట, లోపల పాట. కిటికీలోంచి మాస్కులు చూసి గౌహర్ సాబ్ గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఇంట్ల బీమారీ ఉందా భాయ్? నాకసలే షుగర్. నేను పోత."

"జర ఆగుండ్రి సాబ్! ఏమైందో నాకే తెల్వది!"

లోపలికి పరుగెత్తిన జోయల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. రిబ్కమ్మ రాత్రి పట్టి ఉంచిన మంచినీళ్ళను గోరువెచ్చగా చేసి, టబ్బులో పోసి, చేపల్ని అప్పుడే అందులోకి వదిలింది.

"అత్తమ్మా! అవి సముద్రం చేపలు! మంచినీళ్ళల్ల సస్తయి!"

"మరి ఉప్పుల బతుకుతయా? మీరే చెప్పుండ్రి పాస్టరయ్యా!"

రోగులు ఎవరో పాస్టరుకు అప్పుడే తెలిసింది. మాస్కు కిందికి లాగి టబ్బులోకి తొంగి చూశారు.

జోయల్ వల అందుకుని టబ్బు మీదికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నిన్నటిదాకా కంటికి ఆనని చదును పురుగులు మంచినీళ్ళు తగలగానే తెల్లబడి, నువ్వుపప్పులా ఒక్కొక్కటే చేపల ఒంటి మీంచి రాలుతున్నాయి. అసలు జబ్బు బూజు కాదు, ఈ పురుగులే. వారం పాటు తాను మందు పోసింది లేని జబ్బుకు!

పాస్టరు జాలిపడి, చేపల్ని తిరిగి ఉప్పునీళ్ళలో వేద్దామని చెయ్యి చాచారు.

"ముట్టద్దు! ఎవ్వలు ముట్టద్దు! జరసేపైతే చేపలకేం గాదు, పురుగులు రాలనియ్యుండ్రి!"

ఆ కేకకు గౌహర్ సాబ్ షుగరు మరిచి లోపలికి వచ్చేశారు. కాసేపయ్యాక జోయల్ చేపల్ని శుభ్రమైన ఉప్పునీళ్ళ తొట్టిలోకి మార్చి, మేత అందించాడు. ఒక చేప ఒళ్ళు విదిలించుకుని పైకొచ్చి లటుక్కున లాక్కుంది. రెండోది దాని వెనకే వచ్చింది. సంఘమంతా హల్లెలూయ అంది. జోయల్‌కు ఆనందంతో కళ్ళు నిండాయి.

"పాత తొట్టిల పురుగుల గుడ్లు ఉంటయి సాబ్. ఇగ అసలు మందు ఎయ్యాలె, ఈ స్నానం మళ్ళ చేపియ్యాలె. అప్పటిదాక చేపలను ఇయ్య" అన్నాడు, నిజం దాచకుండా.

"ఫికర్ చెయ్యకు భాయ్. హాలు పని నీదే. చేపల కోసం గింతమందితోని దువా చేపిచ్చెటోడు హైదరాబాద్‌ల యాడ దొరుకుతడు?"

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరు జోయల్‌ను పిలిచారు. అతను లేచేసరికి రిబ్కమ్మ అప్పటికే మైకు దగ్గర ఉంది.