జి వరసలో ఏకవచనం

బావ అభిమాన సంఘం ముప్పై ఏళ్ళ చరిత్రలో ఎన్నడూ జరగని ఘోరం సోమవారం ఉదయం పదిన్నరకు బయటపడింది: కొత్త సినిమా మొదటి ఆట నలభై ఏడో నిమిషంలో, సంఘానికి కేటాయించిన జి వరసలోంచి, ఎవరో బావను తిట్టారు. అదీ ఏకవచనంలో.

(బావ అంటే సంఘం ఆరాధించే మహానటుడు. ఆయన ఎవరికి బావ అవుతారో తేల్చడానికి వేసిన ఉపసంఘం ఇంకా నివేదిక ఇవ్వలేదు. అప్పటిదాకా అందరికీ బావే.)

ఆధారం పక్కాగా ఉంది. ఆ రోజు సంబరాల జ్ఞాపకార్థం తీసిన వీడియోను అధ్యక్షుడు సంఘ కార్యాలయంలో, అంటే తన కళ్ళద్దాల షాపు వెనక గదిలో, వేసి చూశారు. తెర మీద బావ ఒక ముసలాయన తింటున్న కంచాన్ని కాలితో తన్నగానే, ఈలల్లో సగం మునిగిపోయిన ఒక గొంతు వినిపించింది: "నీ చేతులు పడిపోను."

(తన్నింది కాలితో, తిట్టింది చేతులను. ఈ తేడా మీద తర్వాత రెండు సమావేశాలు జరిగాయి.)

అసలు చిక్కంతా బావ మొదటిసారి విలన్‌గా వేయడంతో వచ్చింది. సంఘం నియమావళి ఆయన హీరోగా ఉన్న రోజుల్లో రాసింది. తొమ్మిదో నియమం ప్రకారం బావ ఎవరినైనా కొడితే ఈల వేయాలి. పదో నియమం ప్రకారం బావను ఎవరైనా కొడితే లేచి నిలబడి మౌనం పాటించాలి. ఈ సినిమా చివర్లో హీరో బావను పదకొండు నిమిషాల పాటు కొట్టాడు. జి వరస మొత్తం పదకొండు నిమిషాలు తల వంచుకుని నిలబడింది. హాలు మేనేజరు మెల్లగా వచ్చి, పోయినవారు మీకు ఏమవుతారని అడిగి వెళ్ళాడు.

నియమాలను వెంటనే సవరించారు. విలన్‌గా కనిపించినప్పటికీ లోపల బావ మంచివారేనని సభ్యులు గ్రహించవలెనని సర్క్యులర్ వచ్చింది. సినిమాలో బావ చేసిన ఆరు హత్యలకు సరైన కారణాలు వెతకడానికి ఒక కమిటీ వేశారు. అయిదింటికి దొరికాయి. పోస్ట్‌మాన్ హత్య పెండింగులో ఉంది. ప్రతి సినిమాకూ నింపే ప్రశంసా పత్రంలో 'హీరోయిన్‌ను ఎన్నిసార్లు రక్షించారు?' అనే గడి దగ్గర అధ్యక్షుడు కొంతసేపు ఆగారు. బావ ఆమెను రెండుసార్లు ఎత్తుకుపోయారు. 'రెండుసార్లు. ప్రస్తుత చిరునామా నుంచి' అని నింపారు.

ఇలా అన్నీ ఒక దారికి వస్తున్న వేళ ఈ తిట్టు బయటపడింది.

దెబ్బ ముందుగా తగిలింది టైపిస్టు అక్కకు. బావ ఏడాదికి ఒక్క సభ్యుడితో ఒక్క ఫొటో దిగుతారు. వంతు సీనియారిటీ ప్రకారం వస్తుంది. సంఘం ఉత్తరాలన్నీ కొట్టిపెట్టే టైపిస్టు అక్క ఇరవై రెండేళ్ళుగా వరసలో ఉంది. ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఆమె వంతు. ఎడమ పక్క నిలబడాలా, కుడి పక్కా అని నెల రోజులుగా ఫైళ్ళ బీరువా పక్కన నిలబడి సాధన చేస్తోంది. దోషి దొరికేదాకా ఫొటో నిలిపివేస్తున్నట్టు అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వూ ఆమే టైపు చేసింది.

విచారణాధికారిగా రిటైరైన టికెట్ కలెక్టరును నియమించారు. జి వరసలో కూర్చున్నవారి జాబితా ఆయన అడగగానే టైపు చేసి ఇచ్చారు. పన్నెండు సీట్లకు పదకొండు పేర్లు వచ్చాయి. (ఒక సీటు ఎక్కువ ఉన్నట్టు తేల్చి హాలు వారికి తెలియజేశారు.)

పదకొండు మంది చేతా ఆ తిట్టు అనిపించి, గొంతును వీడియోతో పోల్చాలని ఆయన నిర్ణయించారు. కాని బావను ఏకవచనంలో తిట్టించడమంటే మళ్ళీ అదే నేరం. కాబట్టి గౌరవ వాచకంతో తిట్టించాలన్నారు.

"ఇంతకీ ఆ రోజు 'మీ చేతులు పడిపోను' అని ఉంటే ఏమయ్యేదండీ?" అని ఆయన అధ్యక్షుణ్ణి అడిగారు.

"అది తిట్టు కింద రాదు. విన్నపం కింద వస్తుంది," అన్నారు అధ్యక్షుడు.

మంగళ, బుధవారాల్లో పదకొండు మందీ బావ నిలువెత్తు బొమ్మ ముందు నిలబడి, చేతులు జోడించి, 'మీ చేతులు పడిపోను' అన్నారు. వీడియోలో ఉన్నది 'నీ'. పోలిక కుదరలేదు. అయినా విచారణ వృథా కాలేదు. పది మంది ఆ మాట అంటూ కన్నీళ్ళు పెట్టుకుంటే, దర్జీ ఒక్కడు నవ్వాడు.

"నవ్వొచ్చింది సార్. మర్యాదగా తిట్టమంటే ఎవరికి రాదు?" అన్నాడు దర్జీ.

"బావకు రాదు," అని టికెట్ కలెక్టరు రాసుకున్నారు.

శుక్రవారానికి నేరం రుజువైంది. శిక్ష నియమావళిలో ఉన్నదే. ఫొటో వరసలో వచ్చే ఏడు దర్జీ వంతు. దాన్ని రద్దు చేసి వరస చివరికి, రెండు వందల పద్నాలుగో స్థానానికి పంపాలి. ఏడాదికి ఒక్క ఫొటో. దర్జీకి ఇప్పుడు యాభై ఎనిమిది. (వయసు దృష్ట్యా కుర్చీ ఏర్పాటు చేయవచ్చునని కలెక్టరు దయతో సిఫార్సు చేశారు.)

అధ్యక్షుడు తీర్పు చెబుతుంటే టైపిస్టు అక్క కొడుతోంది. దర్జీ తలుపు దగ్గర నిలబడి మెడలోని టేపును చుడుతూ విప్పుతూ ఉన్నాడు. పేరు దగ్గరకు వచ్చేసరికి టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఏం అక్కా, వేగంగా చెప్పానా?"

"తప్పుందండీ."

"ఒత్తు పడలేదా?"

"పేరు తప్పు."

ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"నేనే అన్నాను. పన్నెండో సీటు నాది. జాబితాలో నా పేరు నేను కొట్టలేదు. టైపు చేసేవాళ్ళ పేరు కొట్టే అలవాటు లేదంటే మీరు నమ్ముతారు గాని, అది అలవాటు కాదు, భయం. ఆదివారం చేజారిపోతుందని. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నానండీ. డాక్టరుగా వేసినా బావే, లారీ డ్రైవరుగా వేసినా బావే, గుడ్డివాడిగా వేసినా అద్దంలో చూసి దువ్వుకున్న జుట్టుతో బావే. ఆ రోజు ఆ కంచం తన్నినప్పుడు మాత్రం తెర మీద బావ లేడు. ఎవడో దుర్మార్గుడున్నాడు. ఆ ముసలాయన మెతుకులు ఏరుకుంటుంటే నా నోరు ఆగలేదు. నువ్వో మీరో చూసుకునే తీరిక లేదు. ఈ దర్జీ తమ్ముడి పేరు తీసెయ్యండి, నాది నేనే కొట్టుకుంటాను. ఆదివారం ఫొటో కూడా అతనికే ఇవ్వండి. తప్పైపోయిందని మాత్రం నా చేత కొట్టించకండి. ఆ మనిషికి నటన వచ్చని ముందే తెలిసుంటే, ఇరవై రెండేళ్ళ కిందటే తిట్టేదాన్ని."