చప్పుడు చేయని గోల్డ్ సప్లై

అక్షరాలు దిద్దింది అరవై దాటాక. కాబట్టి ఇందులో ఒత్తులు ఉండవలసిన చోట లేకపోయినా, ఉండకూడని చోట తిష్ఠ వేసినా పాఠకులు పెద్ద మనసుతో సర్దుకోవాలి. రాయడం కూడా మహా నెమ్మది. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీది పాలు పొంగి, ఇగిరి, అడుగంటి, గిన్నె కూడా తోమడం అయిపోతుంది. ఈ కథలోని మిషనమ్మ ఎవరో మీకు తొందరలోనే తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టు చదవడం మర్యాద.

ఇక విషయానికి వస్తే, ఆ భవనం నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వెలిసింది. "రెండవ అంతస్తులోని ఒకానొక గృహము నుండి మధ్యాహ్న వేళల్లో విమానము లేచుచున్నటువంటి శబ్దము వెలువడుచున్నందున, వచ్చే ఆదివారము సంఘ ప్రతినిధులు స్వయముగా విని, సదరు యంత్రమును తొలగించుటకు తగు చర్య గైకొనగలరని ఇందుమూలముగా తెలియజేయడమైనది." కింద సంఘం అధ్యక్షుడి సంతకం. ఆయన తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. తూచడానికి ఏమీ మిగలక ప్రస్తుతం ఇరుగుపొరుగును తూస్తున్నారు.

సదరు యంత్రం మిషనమ్మ కంప్యూటరు. ఆమె దాని మీద లెక్కలు రాయదు, ఉత్తరాలు పంపదు. ఆటలాడుతుంది. కోటను శత్రువుల నుంచి కాపాడే ఆట. డెబ్బయ్యొకటో ఏట, కీళ్ల నొప్పుల మందు రాసుకుని, కళ్లజోడు తాడు మెడకు తగిలించుకుని, తెర అవతల ఆడే, ఊరూ పేరూ తెలియని నలుగురిని వెంటేసుకుని రోజూ కోట గోడ ఎక్కుతుంది. నిజం మెట్లు ఎక్కమంటే మాత్రం మోకాళ్లు మొరాయిస్తాయి.

ఆమె మిషనమ్మ అయింది ఈ మిషను వల్ల కాదు. భర్త పోయాక ఇంటిల్లిపాదినీ బట్టలు కుట్టి సాకింది. ఆ కుట్టు మిషను తెల్లారింది మొదలు టకటకలాడుతూనే ఉండేది. దాని మీద ఏ సంఘమూ ఏ తీర్మానమూ చేయలేదు. పక్కవాళ్ల బట్టలు కుట్టే చప్పుడు చప్పుడు కిందికి రాదని లోకంలో ఒక ఏర్పాటు ఉంది.

ఈ ఆటకూ ఆమె చదువుకూ సంబంధం ఉంది. కూతురు పలక కొనిచ్చి గుణింతాలు నేర్పింది గానీ, ఎవరి సాయమూ లేకుండా మిషనమ్మ మొట్టమొదట చదివిన పూర్తి వాక్యం ఈ తెర మీదే కనిపించింది. "మీరు మరణించారు. మళ్ళీ మొదలుపెట్టాలా?" కూడబలుక్కుని చదివి, అర్థం చేసుకుని, తనను ఇంతకాలం ఇలా అడిగినవాళ్లే లేరనుకుంది. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆ పెట్టెను ఎవరైనా తీసేస్తామంటే ఆమెకు పలక లాక్కుంటున్నట్టే ఉంటుంది.

కూతురి కష్టం కూతురిది. ఇంట్లో కూర్చుని ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. వెనక నుంచి ఈ హోరు. ఒకాయన తన ఫిర్యాదు సగంలో ఆపి, "మేడమ్, మీరు విమానం దిగాక మాట్లాడదామా?" అని అడిగాడట.

"అమ్మా, నాకు నీ ఆటతో పేచీ లేదు. దాని నోటితోనే పేచీ. ఆదివారం వాళ్లొచ్చేసరికి అది కిక్కురుమనకూడదు. అన్నదా, నేనే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా."

"నోరున్నవాళ్లందరినీ ఇచ్చేస్తే ఈ ఇంట్లో నువ్వు మిగలవే."

"నేను జీతం తెస్తున్నానమ్మా. అదేం తెస్తోంది?"

వాదనలో ఓడినప్పుడు ఖర్చు పెట్టడమే మార్గం కనుక మిషనమ్మ కంప్యూటరు విడిభాగాల దుకాణానికి ఫోను చేసింది.

విడిభాగాల శాస్త్రంలో ఆమె పాండిత్యం గురించి రెండు మాటలు చెప్పాలి. వేడెక్కినందుకే లోపలి ఫ్యాను అరుస్తోంది, చల్లబరచడానికి కూలర్ కావాలని దుకాణం అతను చెప్పగానే, ఆమె వెనకాముందు చూడకుండా బజారు నుంచి గది కిటికీకి పెట్టే నీళ్ల కూలర్ ఒకటి తెప్పించింది. అది కంప్యూటరు కంటే పెద్దది, దానికంటే ఘోరంగా అరిచేది. దాన్ని వెనక్కి పంపాక అసలు కూలర్ వచ్చింది. గోపురమంత ఎత్తున, అందంగా ఉంది. కంప్యూటరు పెట్టెలో బిగించాక మూత పడలేదు. రెండు చేతులా నొక్కినా పడలేదు. పైన కూర్చుందామని కూడా ఆమె ఆలోచించిందని, కూతురు సమయానికి రావడం వల్ల దేశం ఒక ప్రమాదం నుంచి బయటపడిందని చెబుతారు.

అప్పుడు గానీ ఆమెకు సంగతి బోధపడలేదు. పెట్టెను కేసు అంటారు, పొట్టి కేసులో పొట్టి కూలరే పడుతుంది. చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి గోల పెడుతుంది, వెడల్పాటి ఫ్యాను నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది. ఇక కరెంటు అందించే డబ్బా ఉంది, పవర్ సప్లై. కరెంటును వేడి కింద తగలేయకుండా వాడుకునే డబ్బాలకు గోల్డ్, ప్లాటినం అని ముద్ర వేస్తారు. వేడి తక్కువైతే ఫ్యానుకు పనీ తక్కువే. కొన్నిటిలో లోడు, అంటే పని బరువు, పడేదాకా ఫ్యాను తిరగనే తిరగదు.

ఇంత జ్ఞానం సంపాదించాక ఎవరైనా గొంతు పెంచి మాట్లాడతారు. మిషనమ్మ వంటింటి గోడకు ఆనుకుని దుకాణం అతనితో ఫోనులో ఇలా మాట్లాడింది:

"చిన్న కేసే బాబూ. పెద్ద కేసైతే అందరి కళ్లూ పడతాయి. సప్లై మాత్రం గోల్డే కావాలి... ప్లాటినం ఎందుకులే, నా స్థాయికి గోల్డ్ చాలు. ఎంత లోడు పడినా తట్టుకోవాలి. చప్పుడు మాత్రం బయటికి రాకూడదు. ఆదివారం వాళ్లు తనిఖీకి వస్తున్నారు, ఆలోపు సరుకు ఇంటికి చేరాలి."

ఆ గోడకు అవతల పక్కింటావిడ వంటిల్లు. ఆవిడ పోపు మాడిపోయింది.

ఇక్కడి నుంచి ఆ భవనంలో నాగరికత ఎంత వేగంగా పెరిగిందో చరిత్రకారులు గమనించాలి. పక్కింటావిడ ఇన్నాళ్లూ మిషనమ్మను చూస్తే తలుపు వేసుకునేది. ఇప్పుడు తలుపు తీసి, "పిన్నిగారూ, మోకాళ్లెలా ఉన్నాయి?" అని అడిగింది. మెట్ల దగ్గర ఎవరో ఆమె సంచీ అందుకున్నారు. సంచీ బరువు చూసి ఒకరినొకరు చూసుకున్నారు. అందులో ఉన్నది బంగాళాదుంపలు. నోటీసు బోర్డు మీది ప్రకటన ఎలా వచ్చిందో అలాగే మాయమైంది. ఒక ముసలావిడ ఇంట్లో కూర్చుని దొంగ బంగారం చేరవేస్తోందని తెలిసిన తర్వాత పోలీసులకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇరుగుపొరుగు ప్రేమ అంటే అదే.

ఆదివారం అధ్యక్షుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పక్కింటావిడ వెంట ఉంది. కొత్త పెట్టె బల్ల మీద పిల్లిలా పడుకుని ఉంది. పనిచేస్తోందని పచ్చ దీపం చెబుతోంది గానీ చెవికి తెలియడం లేదు. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నారు.

"ఈ భవనంలో ఇంతటి కార్యదక్షత గల మహిళ ఉన్నారని ఆలస్యంగా తెలుసుకున్నందుకు సంఘం తరఫున చింతిస్తున్నాను. పెద్ద పనులు చప్పుడు లేకుండా చేయడమే గొప్పతనం. మన యువతరం మీ నుంచి నేర్చుకోవాలి. మిమ్మల్ని సంఘానికి గౌరవ సలహాదారుగా నియమించాలని ఏకగ్రీవంగా నిర్ణయించాం."

తన కూలర్ ఎంపికకు ఇంత గుర్తింపు వస్తుందని మిషనమ్మ కలలో కూడా అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. "మీరు మరీనండీ. గోల్డే తీసుకున్నాను. ప్లాటినం అయితే ఇంకా బాగుండేది," అంది.

"వచ్చేసారి చూద్దాం," అన్నారు అధ్యక్షుడు, వచ్చేసారి వాటాలో తానూ ఉన్నట్టు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "అక్కగారూ, సరుకు ఇంట్లోనే ఉందా? కంటితో ఒక్కసారి..."

"అదెంత భాగ్యం!" అని మిషనమ్మ పెట్టెకు పక్కనున్న మూత ఊడదీసింది. లోపల వెడల్పాటి ఫ్యాను సోమరిగా తిరుగుతోంది. మూలన నల్లటి డబ్బా, దాని మీద గోల్డ్ అని ముద్ర.

అధ్యక్షుడు వంగి చూశారు. కళ్లజోడు పెట్టుకుని చూశారు. పక్కింటావిడ డబ్బాను వేలితో గీకి చూసింది.

"ఏమిటిది?"

"పవర్ సప్లై అండీ. నేను ఆట ఆడతాను కదా, దానికి."

పక్కింటావిడ వేలు వెనక్కి తీసుకుంది.

"ఆటా?" అన్నారు అధ్యక్షుడు. "ఈ వయసులో? ఆటలా?"

"సిగ్గుచేటు పిన్నిగారూ!" అంది పక్కింటావిడ. "మీరేదో గౌరవంగా బతుకుతున్నారనుకున్నాం. పదిమందీ వింటే ఏమనుకుంటారు?"

దొంగ బంగారానికి సలహాదారు పదవి ఇచ్చిన నోటితోనే ఆటకు బహిష్కారం ప్రకటించడానికి అధ్యక్షుడు మళ్ళీ గొంతు సవరించుకున్నారు. వయసుకు తగని యంత్రం తక్షణం ఇల్లు దాటాలన్నారు. మిషనమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది. అది చల్లగా ఉంది.

కూతురు గుమ్మం వదిలి ముందుకొచ్చింది.

"మీరే ఆలోచించండి సార్. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి ఆట కోసం ఇన్ని ఫోన్లు చేస్తుందా? మీరైతే నమ్ముతారా?"

అధ్యక్షుడు ఆగిపోయారు. పక్కింటావిడ ఆయన ముఖం చూసింది. ఆయన డబ్బా వైపు, పచ్చ దీపం వైపు, చివరికి మిషనమ్మ వైపు చూశారు. ఆయన ముఖంలో భక్తి నెమ్మదిగా తిరిగి వచ్చింది.

"అబ్బా!" అన్నారు. "ఎంత బాగా దాచారండీ!"

"లేదండీ, నిజంగా ఆటే!" అంది మిషనమ్మ.

"అంతే, అంతే. ఎవరడిగినా అలాగే చెప్పండి," అని ఆయన కన్ను గీటి, వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.

అలా యంత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మిషనమ్మ రోజూ కోట ఎక్కుతోంది. సంఘం సమావేశాల్లో ఆమెకు ముందు వరుసలో కుర్చీ వేస్తున్నారు. కనిపించిన వాళ్లందరికీ ఆమె నిజమే చెబుతోంది. చెప్పిన కొద్దీ గౌరవం పెరుగుతోంది. కొంతకాలానికి ఆమె కూడా గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి నిజం చెప్పడం అలవాటు చేసుకుంది. కుర్చీ మెత్తగానే ఉంది మరి.

ఇంతవరకూ ఓపికగా చదివిన పాఠకులకు కృతజ్ఞతలు. ఇదంతా విన్నాక కూడా, ఆ డబ్బాలో ఎంతో కొంత బంగారం ఉండే ఉంటుందని మీకు లోలోపల అనిపిస్తుంటే మొహమాటపడకండి. మా సంఘంలో సభ్యత్వాలు ఇంకా ఖాళీ ఉన్నాయి. అధ్యక్షుడు తూకం సరిగ్గానే వేస్తారు.

ఇట్లు,
మిషనమ్మ, డెబ్బయ్యొక్క ఏళ్లు,
ప్రస్తుతం కూతురి ఇంట్లో, రెండో అంతస్తు, వంటింటి గోడ పక్క గది.