మందు గది ఒకటి

ఆ రోజు పొద్దున దశాంశం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎనిమిదింటి బస్సు ఎక్కడం, ఓడల కార్ఖానాలో అంచనా కాగితాలు అప్పజెప్పడం, మధ్యాహ్నం సెలవు తీసుకుని భార్యను కళ్ళ డాక్టరుకు చూపించడం. అంతే.

ఆయన అసలు పేరు కార్ఖానాలో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళుగా ఓడల ఖరీదు అంచనా కట్టడమే ఆయన ఉద్యోగం. ఎన్ని కోట్ల మొత్తమైనా సరే, చివర చుక్క పెట్టి దాని తర్వాత రెండంకెలు వేస్తే గాని కలం కింద పెట్టరు. అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది.

ఈసారి వచ్చిన ఓడ మామూలుది కాదు. కొత్త ఆయుధాలను నడిసముద్రంలో పేల్చి చూసి, ఎంత దూరం పోయాయో, ఎంత గురి తప్పాయో కొలుచుకోవడానికి నౌకాదళం వాళ్ళకు కావలసిన ఓడ. పద్నాలుగు నెలలుగా కార్ఖానాకు పని లేదు. "ఇది కూడా చేజారితే మీ అంచనాల విభాగానికి తాళం వేసేస్తా. కట్టే ఓడే లేనప్పుడు లెక్క కట్టేదేముందయ్యా?" అని డైరెక్టరు ముందే చెప్పేశాడు. ఆ విభాగంలో ఉన్నది ఇద్దరే: దశాంశం గారు, టైపిస్టు.

భార్య కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, బల్ల మీదున్న చిత్తుప్రతిని తిరగేసింది.

"ఏమండీ, ఇది యుద్ధానికి వెళ్ళే ఓడేనా?"

"కాదు. ఉత్త పరీక్షలకే."

"అంటే ఎవరికీ తగలకుండా పేలుస్తారన్నమాట. పోన్లెండి, దేవుడి ముందు ధైర్యంగా నిలబడొచ్చు." ఇంకో కాగితం తిప్పి ఆగిపోయింది. "ఇదేమిటి? మందు గది ఒకటి, నాలుగు టన్నులు... ఆ ఓడలో ఎంతమంది ఉంటారండీ?"

"నలభై మంది," అన్నారాయన బూట్ల తాళ్ళు ముడేసుకుంటూ.

"నలభై మందికి నాలుగు టన్నుల మందా!"

"మరి పరీక్షించడానికే కదా ఓడ? రోజూ వాడాల్సిందే!" అని కాగితాలు లాక్కుని బస్సు కోసం పరుగెత్తారు.

నిజానికి నౌకాదళం వాళ్ళ జాబితాలో ఉన్నవి మూడే మాటలు: మందు గది ఒకటి. ఫిరంగుల్లోకి మందు కావాలి గనుక నాలుగు టన్నుల నిల్వ, జానెడు మందాన ఉక్కు గోడలు, నిప్పు రాజుకుంటే గదిని ముంచేసే నీటి గొట్టాలు, మొత్తం పన్నెండు కోట్లు అని ఆయన తన అనుభవం కొద్దీ చేర్చారు. భార్యకు ఇదేమీ తెలియదు. మందు కొట్టి కొట్టి తన అన్న సంసారం ఎలా మునిగిందో కళ్ళారా చూసిన మనిషి ఆమె. అరగంట అటూ ఇటూ తిరిగి, ఇక పట్టలేక ఆఫీసుకు ఫోను చేసింది.

అక్కడ దశాంశం గారు చిత్తుప్రతిని టైపిస్టుకు ఇచ్చి, "శుభ్రంగా కొట్టి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టెయ్యమ్మా. ఉక్కు రేకుల బరువు ఇంకొక్కసారి చూసొస్తా," అని గోదాముకు బయల్దేరారు.

"ఏదైనా అనుమానం వస్తేనండీ?"

"నన్నడక్కు. పాత ఫైలునడుగు." ఇది ఆయన ఎప్పుడూ చెప్పే సూత్రం. మనిషి మరిచిపోతాడు గాని ఫైలు మరిచిపోదని ఆయన నమ్మకం.

ఫోను మోగినప్పుడు టైపిస్టు సరిగ్గా నలభై ఒకటో పేజీలో ఉంది.

"చూడమ్మా, ఆ ఓడలో మందు గది ఉందట. నిజమేనా?"

"ఉందండీ, ఇప్పుడదే కొడుతున్నా."

"నాలుగు టన్నులు?"

"అవునండీ."

"ఇద్దరు పిల్లల తల్లివి. అలాంటిది రాయడానికి నీకు చేతులెలా వచ్చాయమ్మా?"

టైపిస్టు ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్ళు ఆసుపత్రి మందుల కొట్లో పనిచేసింది. "అయ్యో, మీరనుకునే మందు కాదండీ! జ్వరానికీ దెబ్బలకీ ఇచ్చే మందు."

"అయితే నాలుగు టన్నులెందుకు?"

"కనుక్కుంటానండీ," అంది టైపిస్టు. ఫోను పెట్టేసి వేళ్ళ మీద లెక్కేసింది. మనిషికి నూరేసి కిలోల మాత్రలు! అనుమానం రానే వచ్చింది గనుక సూత్రం ప్రకారం పాత ఫైలు తీసింది. ఎప్పుడో కట్టిన ఆసుపత్రి ఓడ అంచనాలో స్పష్టంగా ఉంది: ఔషధాల గది ఒకటి, నాలుగు అలమారాలు, ఒక ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి. "టన్నులు కాదు, అలమారాలు! పాపం, సార్ ఎంత అలిసిపోయారో," అని జాలిపడింది. ఇంకే ఇల్లాలూ కంగారు పడకుండా మందును ఔషధాలుగా మార్చింది. ఉక్కు గోడలు కొట్టేసింది. పన్నెండు కోట్లు పోయి ఆ చోట మూడు లక్షల చిల్లర చేరింది. సార్‌కు ఇష్టమని చుక్క, రెండంకెలు మాత్రం మరిచిపోలేదు.

మొత్తం చూసి డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంత తక్కువా! ఇంకొకళ్ళ చేత తనిఖీ చేయిస్తే మళ్ళీ పెరుగుతుందేమోనని భయపడి, ఆ కాగితాలు పట్టుకుని నేరుగా పైఅంతస్తులో నౌకాదళం వాళ్ళతో సమావేశానికి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి దశాంశం గారు తిరిగొచ్చారు.

"అయిపోయింది సార్. మీ పొరపాటొకటి కూడా దిద్దేశాను," అని టైపిస్టు సంతోషంగా కార్బన్ కాపీ అందించింది.

ఆయన నలభై ఒకటో పేజీ చదివారు. మళ్ళీ చదివారు. "నా ఉక్కు గోడలేవమ్మా?"

"ఔషధాలకి ఉక్కు గోడలెందుకు సార్?"

"అది ఫిరంగి మందమ్మా! నిప్పురవ్వ పడితే ఓడకి ఓడే లేచిపోతుంది!"

ఆమె కుర్చీలో కూలబడింది. "మీరేగా సార్, పాత ఫైలునడగమన్నారు..."

"అన్నాను," అన్నారాయన నీరసంగా. "నేనే అన్నాను."

మూడంతస్తుల మెట్లు ఎక్కుతూ ఆయన రెండు దారులూ లెక్కేసుకున్నారు. నోరు మూసుకుంటే ఓడ దక్కుతుంది, ఆ ధరకు కట్టలేక కార్ఖానా మునుగుతుంది. నోరు విప్పితే ఇవాళే తమ గదికి తాళం పడుతుంది. "దేవుడా, నోరిచ్చింది నువ్వే. మాటలు కూడా నువ్వే ఇయ్యి," అనుకుని తలుపు తోశారు.

తెల్ల మీసాల నౌకాదళ అధికారి సరిగ్గా ఆ పేజీ మీదే వేలు పెట్టి ఉన్నాడు. "ఈ గది లెక్క కట్టిందెవరు?"

"నేనేనండీ," అన్నారు దశాంశం గారు గుమ్మంలోంచే. "అందులో తప్పుంది. టైపు చేసినావిడది కాదు, నాది. మీ జాబితాలో మందు గది అన్నారు. దానికి ఇంకో పన్నెండు కోట్లు కలపాలి."

డైరెక్టరు మొహం మాడిపోయింది. "ఏమయ్యా, మతిగాని పోయిందా?"

అధికారి చెయ్యెత్తి ఆపాడు. "ఉండండి. ఏ మందనుకున్నారు మీరు?"

"ఫిరంగి మందు కాదాండీ?"

పెద్దాయన మీసాలు అదిరేలా నవ్వాడు. "మీకంటే ముందు అంచనాలిచ్చిన నాలుగు కార్ఖానాల వాళ్ళదీ అదే వరస! ఒకాయనైతే ఇరవై కోట్లు వేశాడు. కొలత యంత్రాలే ప్రాణమైన ఓడలో, వాటి పక్కనే మందు నిల్వ పెడతామా? అది ఏ రోజుకారోజు వేరే పడవలో వస్తుంది. మేమడిగింది తలనొప్పి మాత్రలు పెట్టుకునే గదండీ బాబూ! రోజంతా ఆ పేలుళ్ళు వింటే తలలు పగిలిపోతాయి."

"అయితే ఈ మూడు లక్షలు..."

"సరిగ్గా సరిపోయింది. ఏ మందని అడిగితే చెప్పేవాళ్ళం. ఒక్కరూ అడగలేదు. మీరే, ఆలస్యంగానైనా తప్పు ఒప్పుకోవడానికొచ్చి అడిగినట్టయింది. ఇలాంటి మనిషి లెక్క కట్టిన ఓడే మాకు కావాలి."

దశాంశం గారు గోడకు ఆనుకుని ఒక్క నిట్టూర్పు విడిచారు. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరంతా అందులోనే పోయింది. కిందికొచ్చి, ఇంకా కళ్ళు తుడుచుకుంటున్న టైపిస్టుతో, "ఓడ మనదేనమ్మా. ఇకమీదట అనుమానం వస్తే నన్నే అడుగు," అన్నారు.

"మీకే అనుమానం వస్తే సార్?"

"రాకపోయినా అడుగుతానమ్మా, ఓడ ఎవరిదైతే వాళ్ళని."

ఇంటి గుమ్మంలో భార్య చెప్పులేసుకుని, మొహం ముడుచుకుని సిద్ధంగా ఉంది. కళ్ళ డాక్టరు దగ్గరికి నడుస్తూ ఆయన జరిగిందంతా చెప్పారు. సగం దారికి వచ్చేసరికి ఆమె మొహం విప్పారింది. అయినా ఒక్కసారి ఆగి, ఆయన కళ్ళలోకి చూసి అడిగింది.

"దేవుడి మీద ఒట్టేసి చెప్పండి. అంత ఓడలో ఒక్క చుక్కయినా లేదా?"

"ఒకటుంది. దాని తర్వాత రెండంకెలు కూడా ఉన్నాయి," అన్నారు దశాంశం గారు.