నిమ్మకాయకు కిలోమీటరు దూరంలో బావమరిది

ఆ రోజు పొద్దున కెమిస్ట్రీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బల్ల మీద ఒక నిమ్మకాయ పెట్టాలి. బావమరిదిని ఊరి మీదికి వదలాలి. సాయంత్రానికల్లా తన గది తను దక్కించుకోవాలి.

గది అంటే బడిలో ఆయన ప్రయోగశాల. నాలుగు గాజు గొట్టాలు, ఒక కుంటి బల్ల, గోడ మీద అంచులు చెదలు తిన్న మూలకాల ఆవర్తన పట్టిక. ఆయన సామ్రాజ్యం అంతే. దాని మీద ఆటల మాస్టారి కన్ను పడింది. బ్యాట్లు, నెట్లు పెట్టుకోవడానికి చోటు లేదని హెడ్‌మిస్ట్రెస్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఆవిడ విసిగిపోయి, "సైన్సు ప్రదర్శనలో మన బడి కమిటీ ఛైర్మన్ గారిని మెప్పిస్తే గది మీది. లేదంటే బ్యాట్లది" అని తేల్చేసింది.

అందుకని మాస్టారు ఏకంగా పరమాణువునే కట్టి చూపిద్దామనుకున్నారు, అదీ అసలు కొలతల లెక్కన. మధ్యలో ఉండే కేంద్రకం నిమ్మకాయంత అనుకుంటే, ఎలక్ట్రాన్ కిలోమీటరు పైచిలుకు దూరంలో ఉండాలి. కార్బన్ కడదామని మొదట ఆశపడ్డారు గానీ దానికి ఎలక్ట్రాన్లు ఆరు కావాలి. మామగారు ఇచ్చింది ఒక్క బావమరిదినే. చేసేదిలేక పట్టికలో మొదటి గడిలో ఉన్న హైడ్రోజన్‌తో సరిపెట్టుకున్నారు.

"ఈ ఎర్ర గొడుగు వేసుకుని తిరుగు. మేడ మీంచి దుర్భిణిలో ఛైర్మన్ గారికి నిన్ను చూపిస్తా" అన్నారు మాస్టారు. గొడుగు మీద తెల్ల రంగుతో 'ఎలక్ట్రాన్' అని రాసి ఉంది.

"ఎక్కడ నిలబడమంటావు బావా?"

"నిలబడకూడదురా! ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని ఎవడూ చెప్పలేడు. బడికి కిలోమీటరు అటూఇటూగా, ఏ వీధైనా సరే, తిరుగుతూనే ఉండు."

"దానికి మావాడికి మీ పాఠమెందుకండీ?" అంది మాస్టారి భార్య వంటింట్లోంచి. "వాడు ఎప్పుడెక్కడ ఉంటాడో మా అమ్మకే తెలీదు."

బావమరిది జీవితంలో మొదటిసారి చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. కొంప మునిగింది అక్కడే. వానా ఎండా లేని పూట, ఎర్ర గొడుగు వేసుకుని ఒక మనిషి బంగారం కొట్టు ముందు నుంచి అటు పోయాడు, ఇటు వచ్చాడు, మళ్ళీ అటు పోయాడు. కొట్టు కాపలాదారు పోలీసును పిలిచాడు.

"ఏం చేస్తున్నావయ్యా ఇక్కడ?"

"తిరుగుతున్నానండీ."

"దేని చుట్టూ?"

"నిమ్మకాయ చుట్టూ."

పోలీసు కొట్టు గుమ్మం, మెట్లు, చూరు అన్నీ వెతికాడు. "ఏదీ నిమ్మకాయ?"

"ఇక్కడెందుకుంటుందండీ? కిలోమీటరు అవతల మా బావ బల్ల మీద ఉంది."

"ఒకచోట నిలబడి మాట్లాడు ముందు!"

"నిలబడకూడదన్నాడండీ బావ" అంటూ బావమరిది పోలీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మాస్టారికి ఫోను మోగేసరికి ఛైర్మన్ గారి కారు బడి గేటు దాటుతోంది. మాస్టారు నిమ్మకాయను బల్ల మీద వదిలి, వరండా చివరికి పరుగెత్తి గొంతు తగ్గించారు. "అయ్యా, అతను మా ఎలక్ట్రాన్. దయచేసి వదిలేయండి."

"ముఠాలో అతని పేరు అదన్నమాట" అన్నాడు పోలీసు. "తీసుకొస్తున్నా. నిమ్మకాయ కళ్ళారా చూపిస్తే వదిలేస్తా. లేకపోతే బావా బావమరుదులు ఇద్దరూ నాతో వద్దురుగాని."

ఛైర్మన్ గారు బట్టల మిల్లు యజమాని. మనిషి భారీగా ఉంటారు. మెట్లెక్కి వచ్చేసరికి చెమటతో తడిసిపోయారు. "సార్‌కి చల్లగా ఏదైనా పట్రా!" అని హెడ్‌మిస్ట్రెస్ ఆయాను కేకేసింది. ఆయా బడి అంతా గాలించింది. పాపం, ఒకే ఒక్కచోట, మంచి సాసర్లో, ఎవరో తన కోసమే పెట్టినట్టు ఒక నిమ్మకాయ కనిపించింది.

మాస్టారు తిరిగి వచ్చేసరికి సాసరు ఖాళీ. దాని ముందు 'కేంద్రకం' అన్న అట్టముక్క ఒక్కటే నిలబడి ఉంది. ఛైర్మన్ గారు గ్లాసు చేత్తో పట్టుకుని దాన్ని చదువుతున్నారు. అదే సమయానికి గొడుగుతో సహా బావమరిదిని రెక్క పట్టుకుని పోలీసు లోపలికొచ్చాడు.

"ఏదీ నిమ్మకాయ?"

"పిండేశానండీ" అంది ఆయా.

అందరూ గ్లాసు వంక చూశారు. ఛైర్మన్ గారు చివరి గుటక మింగలేక కాసేపు ఆగి, మింగేశారు. "అయితే ఇప్పుడు మీ పరమాణువులో మిగిలిందేంటి మాస్టారూ?"

రాసుకొచ్చిన ఉపన్యాసం మాస్టారి బుర్రలోంచి ఎగిరిపోయింది. నిజం ఒక్కటే మిగిలింది. "ఖాళీ సార్. నిమ్మకాయ ఉన్నా అంతే. పరమాణువంతా దాదాపు ఖాళీనే."

"అంటే ఈ గోడ?"

"దాదాపు ఖాళీ సార్."

"నా మిల్లు?"

"ఖాళీనే సార్."

"నేను?"

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు మూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఆటల మాస్టారు మనసులోనే నెట్లు తగిలించేశాడు.

"తమరు కూడా సార్" అన్నారు మాస్టారు, ఎలాగూ మునిగాం కదా అని.

ఛైర్మన్ గారు తన పొట్ట వంక చూసుకున్నారు. నెమ్మదిగా మొహం వెలిగిపోయింది. "ఇన్నేళ్ళుగా మా డాక్టరు బరువు తగ్గు, తగ్గు అని ప్రాణం తీస్తున్నాడు. ఒక్కడైనా ఈ ముక్క చెప్పాడా! ఇదీ సైన్సంటే! మొదటి బహుమతి ఈయనకే." పోలీసు కూడా రెక్క వదిలేసి చప్పట్లు కొట్టాడు.

మాస్టారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. బహుమతిగా ఇచ్చిన వెండి కప్పు గుండెలకు హత్తుకుని, "అయితే సార్, నా గది..." అన్నారు.

"మీ గది మీకే! ఎవరు కాదన్నారు?" అని ఛైర్మన్ గారు గది చుట్టూ కొత్త కళ్ళతో చూశారు. "గోడల్లోనే ఇంత ఖాళీ ఉంటే, ఇక గదిలో ఎంత ఉండాలి! ఏమయ్యా ఆటల మాస్టారూ, నీ సామానంతా ఇక్కడే సర్దుకో."

తను చెప్పిన పాఠాన్ని తనే కాదనలేక మాస్టారు గాజు గొట్టాలు పక్కకు జరిపారు. సాయంత్రానికి బల్ల కింద బంతుల బస్తాలు, బల్ల మీద బ్యాట్లు, ఆవర్తన పట్టిక మీద వాలీబాల్ నెట్టు.

వెండి కప్పును మాస్టారు ఇంటికి పట్టుకుపోయారు. గదిలో ఖాళీ లేదు.